తీగ మోసేది మనం, తాళం ఎవరి దగ్గర?

(మురమళ్ళలో పేట పెద్దలూ కుర్రకారూ కలిసి పెట్టుకున్న కూటంలో ఒక వయోజన విద్యార్థి చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరునే ఉంచి అచ్చు వేస్తున్నాం.)



కంప్యూటర్ నెట్‌వర్కింగ్ కోర్సు పూర్తి చేసేనని నాకు శాలువా కప్పుతామన్నారు. వద్దన్నాను. శాలువా కప్పితే ఆ మనిషి కాసేపటికి వేరే మనిషయిపోతాడు. మిగతావాళ్ళు చప్పట్లు కొట్టి ఇళ్ళకెళ్ళిపోతారు. దానికి బదులు ఒక గంట టైమివ్వండి, నేనేం నేర్చుకున్నానో చెప్తాను, దాంతో మనం ఏం చేసుకోవాలో మిమ్మల్నే అడుగుతాను అన్నాను. పెద్దలు సరేనన్నారు. వాళ్ళకి దండాలు.

నాకు నలభై మూడేళ్ళు. పదో తరగతి అవగానే నిచ్చెన భుజాన వేసుకున్నవాణ్ణి. ముందు ఇళ్ళల్లో కరెంటు వైరింగు, తర్వాత కేబుల్ టీవీ తీగలు లాగే పని. మా నాన్న కొబ్బరి దింపు తీసేవాడు. అమ్మ ఊడుపులకీ కోతలకీ వెళ్ళేది. నాన్న చెట్టెక్కేడు, నేను స్తంభం ఎక్కేను. తరం మారింది గానీ ఎక్కేవాళ్ళం మనమే. కింద నీడన నిలబడి లెక్క రాసుకునేవాడు వేరే. ఆ లెక్క పుస్తకంలో ఏముందో చూడాలన్న పంతమే నన్ను ఈ కోర్సుకి పంపింది.

ఈ వయసులో చదువేంటని నవ్వినోళ్ళున్నారు. బయటోళ్ళు నవ్వితే పట్టించుకోను. మనోళ్ళే నవ్వేరు, అందుకని జవాబు చెప్పాలి. మన పేటల్లో చదువు మధ్యలో ఆగిపోయినవాళ్ళని లెక్కేస్తే సగం పేట నిలబడుతుంది. వాళ్ళెవరూ బుర్ర లేక ఆపలేదు. ఇంట్లో రెండో కూలి కావాల్సొచ్చి ఆపేరు. చదువుకి ఒక వయసుందని, అది దాటితే తలుపు మూసేస్తారని మనకి చెప్పిందెవరు? వయసుకి చదువు, వయసుకి ఉద్యోగం అన్న లెక్క తాత ముత్తాతల నుంచి పలకా బలపం ఉన్న ఇళ్ళల్లో పుట్టింది. మన లెక్క వేరు.

బాబాసాహెబ్ అంబేద్కర్ సంగతే చూడండి. 1891లో పుట్టేరు. 1913లో అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళేరు. 1916లో లండన్ చేరేరు. బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్పు గడువు అయిపోతే 1917లో చదువు సగంలో ఆపి తిరిగొచ్చేరు. బరోడాలో ఉద్యోగానికి వెళ్తే అంత చదివిన మనిషికి ఊళ్ళో ఉండడానికి ఒక గది దొరకలేదు. బొంబాయిలో పాఠాలు చెప్పి, డబ్బు కూడబెట్టుకుని, 1920లో మళ్ళీ లండన్ ఓడెక్కేరు. అప్పటికి పెళ్ళాం బిడ్డలున్న సంసారి. 1921లో ఎమ్మెస్సీ, 1923లో డీఎస్సీ పూర్తి చేసేరు. అంటే ముప్పై రెండేళ్ళ వయసులో. ఆగిన చోట నుంచి మళ్ళీ మొదలుపెట్టడం మన ఉద్యమానికి కొత్త కాదు. పూలే దంపతులు 1848లో పూనాలో ఆడపిల్లలకి బడి పెట్టేరని అందరికీ తెలుసు. పగలు పని చేసే రైతులకీ కూలీలకీ 1855లో రాత్రి బడి కూడా నడిపేరు. మనం ఆ రాత్రి బడి పిల్లలం. తల నెరిసినా ఆ బడి పిల్లలమే.

కోర్సులో నేను చూసింది

కాకినాడలో ఒక సంస్థ. ఆరు నెలల కోర్సు, సాయంత్రం పూట. ఇక్కడ బస్సెక్కి, ఎదుర్లంక దగ్గర బాలయోగి వారధి మీద గౌతమి దాటి, యానాం మీదుగా వెళ్ళేవాణ్ణి. ఆ వారధి లేని రోజుల్లో మన పెద్దలు పంటు మీద దాటేవారు. పంటు అవతలి రేవులో ఉంటే ఇవతల కూచుని ఎదురుచూడ్డమే. మన పక్కూరు ఎదుర్లంక బిడ్డ జి.ఎం.సి. బాలయోగి గారు 1998లో లోక్‌సభ స్పీకరయ్యేరు. ఆ కుర్చీలో కూచున్న తొలి దళితుడాయన. 2002 మార్చి 3న హెలికాప్టరు ప్రమాదంలో పోయేరు. ఆయన పేరున్న వంతెన మీద రోజూ పోతూ వస్తూ ఉంటే ఒక సంగతి బోధపడింది. దారి ఉన్నవాడికి దారి విలువ తెలీదు. నేను నేర్చుకున్న చదువంతా ఈ దారుల లెక్కే.

క్లాసులో అందరూ నా వయసులో సగం ఉన్న పిల్లలు. మంచి పిల్లలే. మొదటి రోజు అడిగేరు, "ఏ ఊరండీ అంకుల్?" అని. మురమళ్ళ అన్నాను. "వీరేశ్వరస్వామి గుడి ఊరు కదండీ, గుడికి ఎటేపండీ మీ ఇల్లు?" ఆ తర్వాత "ఇంటిపేరేంటండీ?" మన కోనసీమలో ఈ మూడు ప్రశ్నలకీ అర్థం మీకు నేను చెప్పక్కర్లేదు. కులం అన్న మాట నోటి నుంచి రాకుండానే కులం తెలుసుకోవడం మన దగ్గర మర్యాద. నేను దాచుకోలేదు. అంబేద్కర్ బొమ్మ దగ్గర మా ఇల్లు అని చెప్పేను.

నలుగురేసి చొప్పున జట్లు చేసేరు. నెట్‌వర్క్ తీగలో ఎనిమిది సన్న తీగలుంటాయి. రెండేసి కలిపి పురిపెట్టి నాలుగు జతలు. వాటి కొసలు ఒక వరసలో పేర్చి, చివర చిన్న ప్లాస్టిక్ పిన్ను పెట్టి, పటకారులాంటి పనిముట్టుతో బిగించాలి. తెలుపు నారింజ, నారింజ, తెలుపు పచ్చ, నీలం, తెలుపు నీలం, పచ్చ, తెలుపు గోధుమ, గోధుమ. ఈ వరసే రెండు కొసల్లోనూ ఉండాలి. చేతిపని కదా, నాకు రెండు రోజుల్లో వచ్చేసింది. ఇంక మా జట్టులో తీగ కోసేది నేను, కొసలు బిగించేది నేను, నిచ్చెనెక్కి పైకప్పులోంచి తీగ లాగేది నేను. కంప్యూటరు ముందు కూచుని రౌటరుకి ఆజ్ఞలు రాసేది మిగతా ముగ్గురు. "అంకుల్, మీకు చేతిపని బాగా వచ్చు కదా, మీరది చూసుకోండి, కీబోర్డు మేం చూసుకుంటాం" అనేవారు. ఎంత ప్రేమగా చెప్పేరో. పొగుడుతూ చెప్పేరు. మూడు వారాలు అలాగే గడిచింది.

అయ్యా, ఇది గమనించండి. అక్కడెవరూ నన్ను తిట్టలేదు, గ్లాసు వేరుగా పెట్టలేదు. కానీ పని పంచుకునేసరికి, చేయీ కాలూ ఆడించే పని నా వైపు జారింది, బుర్రతో చేసే పని అటు జారింది. ఎవరూ తొయ్యక్కర్లేదు. వాలు అలాగుంది, నీరు అటే పోతుంది. కులం అంటే తిట్టు ఒక్కటే అనుకుంటాం. కులమంటే ఆ వాలు కూడా.

నేను మాస్టారి దగ్గరికెళ్ళి, ఒక కాగితం మీద నలుగురి పేర్లూ రాసి, ఏ రోజు ఎవరు తీగ, ఎవరు కీబోర్డు అని వంతులు వెయ్యమన్నాను. పరీక్షలో రౌటరు నడపమంటారు గానీ నిచ్చెనెక్కమనరు కదండీ అన్నాను. ఆయన కొంచెం నసిగేరు. అంతలో పక్క జట్టులో ఇద్దరు ఆడపిల్లలు లేచేరు. "మా జట్టులో రికార్డు రాసే పని ఎప్పుడూ మాకే ఇస్తున్నారు సార్, అక్షరాలు బాగుంటాయని" అన్నారు. అప్పుడు తెలిసింది, ఆ వాలు నా ఒక్కడి కాళ్ళ కింద లేదని. మర్నాటి నుంచి గోడ మీద వంతుల కాగితం అంటించేరు. ఆరు నెలల్లో నేను నేర్చుకున్న పాఠాల్లో ఇది పెద్దది. అది పుస్తకంలో లేదు.

నెట్‌వర్క్ అంటే ఏంటి

ఇప్పుడు పుస్తకంలో ఉన్నది చెప్తాను. మన పనుల్లోంచే చెప్తాను.

వెయ్యి కాయల లోడు పంపాలి. ఒకే బండి మీద పట్టదు. ముక్కలు ముక్కలుగా చేసి, ఒక్కో బస్తాకీ నెంబరు రాసి, ఎక్కణ్ణుంచి ఎక్కడికో చీటీ కట్టి, ఏ దారి ఖాళీగా ఉంటే ఆ దారిన తోలేస్తాం. అవతల లెక్కపెట్టి, పదిహేడో బస్తా రాలేదు, మళ్ళీ పంపండి అని కబురంపుతారు. ఫోన్లో మీరు పంపే ఉత్తరం గానీ ఫొటో గానీ ఇలాగే ముక్కలై పోతుంది. ఆ ముక్కని ప్యాకెట్ అంటారు. నాలుగు రోడ్ల కూడలిలో నిలబడి, చీటీ చూసి, నువ్విటు పో, నువ్వటు పో అని చెప్పేది రౌటరు. వీధిలో ఏ ఇంటికి ఏ ముక్క చేరాలో చూసేది స్విచ్చి. వీడియోలో మాట్లాడుకునేటప్పుడు మాత్రం లెక్క చూసుకునే తీరిక ఉండదు, పోయిన ముక్క పోయినట్టే. అందుకే మాట తెగుతుంది, బొమ్మ గళ్ళు గళ్ళుగా వస్తుంది.

చీటీ మీద రాసేది అడ్రసు. పాత పద్ధతిలో ప్రపంచం మొత్తానికి ఉన్న అడ్రసులు సుమారు 429 కోట్లు. జనం 800 కోట్లు దాటేరు. చాలవు కదా. అందుకని ఇంటి లోపల ఒక సొంత నెంబరు, బయటికెళ్ళేటప్పుడు అందరికీ కలిపి ఒకే అడ్రసు. లోపల ఎంతమంది ఉన్నా బయటివాడికి కనబడేది ఒక్కటే. ఇది విన్నప్పుడు నాకు మన పేట గుర్తొచ్చింది. లోపల మేస్త్రీ ఉన్నాడు, టీచరమ్మ ఉంది, పాట కట్టేవాడున్నాడు, తాగుబోతూ ఉన్నాడు. ఊరివైపు నుంచి చూసేవాడికి అందరిదీ ఒకే పేరు. తేడా ఏంటంటే, కంప్యూటర్లలో అది అడ్రసులు చాలక చేసిన సర్దుబాటు. మనుషుల్లో అది కావాలని పెట్టిన ముద్ర. అందుకే 1917లో బెజవాడ సభలో, భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన, మన పెద్దలు పంచములన్న పేరు కాదని ఆది ఆంధ్రులమని చెప్పుకున్నారు. మన అడ్రసు మనం రాసుకోవడం అప్పుడు మొదలయ్యింది.

ఇంకొక సూత్రం. ఒకే దారి మీద ఆధారపడ్డ నెట్‌వర్క్ ఒక్క దెబ్బకి పోతుంది. 1996 నవంబరు 6 తుఫాను ఈ తీరం మరిచిపోదు. వెయ్యి మందికి పైగా పోయేరు. స్తంభాలు పడిపోయి, తీగలు తెగి, రోడ్లకి చెట్లు అడ్డంపడి, ఏ లంకలో ఎవరు బతికున్నారో పక్క లంకకి తెలీలేదు. అందుకే రెండు దారులుండాలి అంటారు ఈ శాస్త్రంలో. ఒకటి తెగితే రెండోది. ఉద్యమానికైనా ఇదే లెక్క. ఒక్క నాయకుడు, ఒక్క ఫోను, ఒక్క తాళం చెవి ఉన్న సంఘం తుఫాను దాకా ఆగక్కర్లేదు, ఈదురుగాలికే పడిపోతుంది.

ఇంత పెద్దదీ ఎలా మొదలయ్యిందో తెలుసా? 1969 అక్టోబరు 29న అమెరికాలో ఒక విశ్వవిద్యాలయం నుంచి ఇంకొక పరిశోధనా సంస్థకి ఒక మాట పంపబోయేరు. రెండక్షరాలు వెళ్ళేసరికి యంత్రం ఆగిపోయింది. రెండే అక్షరాలు. మన దేశంలో జనానికి ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వచ్చింది. కాబట్టి, అమ్మా, ఫోను పట్టుకోవడం రాదని సిగ్గుపడకండి. రెండక్షరాల దగ్గర అందరూ ఆగినవాళ్ళే.

యంత్రం కులం అడగదు, మరి?

రౌటరు కులం అడగదు. ఇది నిజం. అది అడ్రసు చూస్తుంది, ఇంటిపేరు చూడదు. ఇది చూసి మన చదువుకున్న కుర్రాళ్ళు కొందరు, కంప్యూటర్లొచ్చేక కులం పోతుందన్నారు. నేనూ అలా జరిగితే బాగుండుననుకుంటాను. కానీ ఏం జరిగిందో చూద్దాం.

నెట్‌వర్క్ యంత్రాలు చేసే కంపెనీల్లో ప్రపంచమంతా తెలిసిన పేరు సిస్కో. ఈ కోర్సు ఎక్కడ చేసినా దాని పేరు చెవిన పడుతుంది. 2020 జూన్‌లో కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖ ఒకటి ఆ కంపెనీ మీదా, ఇద్దరు ఇంజనీర్ల మీదా కోర్టుకెళ్ళింది. అక్కడ పని చేస్తున్న ఒక దళిత ఇంజనీరు పట్ల, ఇండియా నుంచే వెళ్ళిన పై కులాల వాళ్ళు వివక్ష చూపించేరన్నది ఆరోపణ. కంపెనీ కాదంది. 2023 ఏప్రిల్‌లో ఆ ఇద్దరి మీద కేసు వెనక్కి తీసుకున్నారు, కంపెనీ మీది కేసు అలాగే ఉంచేరు. నేను తీర్పు చెప్పడం లేదు. నేననేది ఇంతే: సముద్రం అవతల, ప్రపంచానికి దారులు వేసే కంపెనీలో కూడా కులం గురించి కేసు వెయ్యాల్సొచ్చింది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షని నిషేధిస్తూ చట్టం చేసింది. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ అలాంటి బిల్లే పాస్ చేస్తే, అక్టోబరులో గవర్నరు సంతకం పెట్టలేదు. యంత్రం అడగని ప్రశ్న మనుషులు అడుగుతూనే ఉన్నారు, సముద్రాలు దాటి అడుగుతున్నారు.

ఇక్కడికే వద్దాం. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌ని ప్రారంభించేరు. గాజు తీగని కరెంటు స్తంభాల మీదుగా ఊరూరికీ లాగేరు. ఆ తీగ లాగింది ఎవరు? నాలాంటివాళ్ళు. ఎక్కువమంది పేటల కుర్రాళ్ళు. చెట్టెక్కే ఒడుపున్నవాడికి స్తంభం లెక్కలోది కాదు కదా. మరి తీగ చివర పెట్టె ఎవరింట్లో పెట్టేరు? ఈ కోనసీమలోనే ఒక ఊళ్ళో ఆ పెట్టె ఒక పెద్దాయన డాబా మీదుంది. రాగి తీగ వంద మీటర్లు దాటితే సంకేతం నీరసించిపోతుంది. ఆ డాబా నుంచి పేట మొదటి ఇంటికి నేనే కొలిచేను, నాలుగు వందల మీటర్లు దాటింది. మధ్యలో ఒక స్విచ్చి పెట్టినా, గాజు తీగ పొడిగించినా అయిపోయే పని. "గిట్టుబాటు కాదు" అన్నారు. పేటకి లైను ఊరు కంటే ఏడాదిన్నర ఆలస్యంగా వచ్చింది. ఊరికీ పేటకీ మధ్య దూరం ఎవరు పెట్టేరు? మనం పెట్టుకోలేదు. తాతల నాడు ఊరి బయట ఉండమన్నారు. ఇవాళ ఊరికి దూరంగా ఉన్నారు కాబట్టి లైను రాదంటున్నారు. పాత అంటరానితనం కొత్త యంత్రానికి ఇలా తగులుకుంటుంది.

ఇంకొకటి చెప్పాలి. స్తంభం మీద పని చేసే తమ్ముళ్ళూ, వినండి. కరెంటు స్తంభం మీద నెట్ తీగ లాగేటప్పుడు లైన్ క్లియర్ తీసుకోకుండా ఎక్కకండి. కాంట్రాక్టరు తొందరపెడతాడు, ఐదు నిమిషాల పనేగా అంటాడు. బెల్టు, చేతొడుగులు, బీమా కాగితం చూపించమనండి. మూడూ చూపించేదాకా నేల మీదే ఉండండి. మన శరీరం చవకన్న ఆలోచన చెట్టు దగ్గర మొదలయ్యింది, స్తంభం దగ్గరైనా ఆగాలి.

నెట్ ఆగిన రోజులు

2022 మే నెల మనందరికీ గుర్తుంది. ఏప్రిల్ 4న కొత్త జిల్లాలొచ్చేయి, కోనసీమ జిల్లా అయ్యింది. దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా అని పేరు పెడుతూ మే 18న ప్రాథమిక ప్రకటన వచ్చింది. మే 24న అమలాపురంలో ఏం జరిగిందో చూసేరు. మంత్రి ఇల్లు తగలబెట్టేరు, మన ముమ్మిడివరం ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టేరు. రాజ్యాంగం రాసిన మనిషి పేరు ఒక జిల్లాకి పెడతామంటే అంత మంట. తర్వాత ఆ పేరే ఖాయమయ్యింది. అది మన గెలుపు.

ఆ రోజుల్లో జిల్లాలో ఇంటర్నెట్ ఆపేసేరు. రోజుల తరబడి ఆగింది. ఇళ్ళ దగ్గర నుంచి పని చేసుకునే కుర్రాళ్ళు లాప్‌టాప్‌లు పట్టుకుని గోదారి గట్టు మీదికి పరిగెత్తేరు, యానాం సిగ్నలు అందుతుందని. ఎందుకందుతుంది? ఆపమన్న ఉత్తర్వు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానిది. యానాం పుదుచ్చేరి కిందది. అక్కడి టవర్లకి ఈ ఉత్తర్వు తగలదు. సిగ్నలుకి సరిహద్దు తెలీదు, నీటి మీదుగా వచ్చేసింది. టవరు కూలలేదు, తీగ తెగలేదు. కంపెనీలకి ఒక కాగితం వెళ్ళింది, వాళ్ళు దారి మూసేరు. అంతే.

పుకార్లు ఆగాలంటే ఆపక తప్పదన్నారు. పుకార్లు నిజంగానే పాకేయి, నేను కాదనను. కానీ రెండో వైపు చూడండి. దాడి చేసేవాడికి కబురు ముందే అందిపోయింది. బెదిరింపుకి గురయ్యే పేట నుంచి సాయం కోసం పంపాల్సిన వీడియో మాత్రం బయటికి పోలేదు. ఫోనులో డబ్బు తీసుకునే చిన్న కొట్టువాడు పస్తున్నాడు. మూసిన దారి అందరికీ ఒకటే గానీ, దెబ్బ అందరికీ ఒకటి కాదు.

కాబట్టి చట్టం తెలుసుకోవాలి. అప్పట్లో నెట్ ఆపింది 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం కింద 2017లో చేసిన నిబంధనల ప్రకారం. 2020 జనవరి 10న అనురాధా భాసిన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది: నెట్ ఆపే ఉత్తర్వుని బయట పెట్టాలి, గడువు లేకుండా ఆపకూడదు, జనం దాన్ని కోర్టులో సవాలు చేసుకోవచ్చు. ఇప్పుడు 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం కింద 2024లో కొత్త నిబంధనలొచ్చేయి. వాటి ప్రకారం కూడా ఉత్తర్వుని ప్రకటించాలి, కారణం రాయాలి, ఒక ఉత్తర్వు పదిహేను రోజులు దాటకూడదు. మళ్ళీ ఎప్పుడైనా ఆగితే మనం అడగాల్సిన మొదటి మాట: ఉత్తర్వు కాగితం ఏదీ?

ఈ చదువు ఉద్యమానికి ఎందుకు

మనకి ఇరుగుపొరుగైన కాట్రేనికోన మండలం కందికుప్పలో పుట్టిన బొజ్జా తారకం గారు లాయరు. 1985 జూలై 17న కారంచేడులో మాదిగలని ఊచకోత కోస్తే, హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది పదవి వదిలేసి బాధితుల వైపు నిలబడ్డారు. ఆయన చేసిన ఇంకొక గొప్ప పని చిన్నపుస్తకం. పోలీసులు అరెస్టు చేస్తే ఏం చెయ్యాలో కూలివాడికి అర్థమయ్యే తెలుగులో రాసి ఇచ్చేరు. నల్లకోటు దగ్గర దాగిన చట్టాన్ని పేటలోకి తెచ్చేరు. నెట్‌వర్క్ చదువుని కూడా మనం అలాగే తేవాలి. ఎందుకో మూడు సంగతులు చెప్తాను.

ఒకటి. 2016 సెప్టెంబరు 7న సుప్రీంకోర్టు, ఎఫ్.ఐ.ఆర్. నమోదైన ఇరవై నాలుగు గంటల్లో పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టాలంది, సున్నితమైన కేసులు తప్ప. స్టేషను ముందు మూడు రోజులు పడిగాపులు పడక్కర్లేదు. అట్రాసిటీ కేసు పెట్టేరో లేదో, ఏ సెక్షన్లు వేసేరో, ఏవి మింగేసేరో, మన గ్రంథాలయంలో కూచుని చూడొచ్చు.

రెండు. దాడి జరిగితే ఫోనులో తీస్తున్నాం, వాట్సాప్‌లో పంపేస్తున్నాం, అయిపోయిందనుకుంటున్నాం. వాట్సాప్‌లో పంపేసరికి వీడియో కుదించుకుపోతుంది, ఎప్పుడు తీసేరన్న వివరాలు పోతాయి. కోర్టులో అవతలి లాయరు దాన్నే పట్టుకుంటాడు. అందుకని తీసిన ఫోను, అందులోని అసలు వీడియో పోకుండా దాచాలి. 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ప్రకారం దాంతో పాటు ఒక ధృవపత్రం ఇవ్వాలి. అందులో ఒక భాగం ఫోను ఎవరి దగ్గరుందో వాళ్ళు, రెండో భాగం ఆ విషయం తెలిసిన నిపుణుడు సంతకం పెట్టాలి. ఫైలుకి వేలిముద్రలాంటి ఒక అంకె ఉంటుంది, అదీ రాయాలి. ఒక్క చుక్క మారినా ఆ వేలిముద్ర మారిపోతుంది. ఆ నిపుణులు మనలోంచి రావాలి.

మూడు. 1989 అట్రాసిటీ నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణలో, ఈ కేసుల్లో జరిగే విచారణ కార్యక్రమాలన్నీ వీడియో తియ్యాలని ఉంది. ఎంతమంది అడుగుతున్నాం? చట్టంలో ఉన్నది అడక్కపోతే లేనట్టే. కారంచేడులో, 1991 ఆగస్టు 6న చుండూరులో, సాక్షుల నోటిమాట ఒక్కటే మన ఆయుధం. ఆ సాక్షులు ఏళ్ళ తరబడి భయాన్నీ బేరాల్నీ తట్టుకుని నిలబడాల్సొచ్చింది. ఇవాళ రెండో ఆయుధం చేతికొచ్చింది. వాడడం నేర్చుకోవాలి.

ఉద్యోగం మాట కూడా అడుగుతారు, చెప్తాను. ఈ కాగితం చూపిస్తే నౌకరీ దానంతటదే రాదు. నాకు దొరికింది మూడు స్కూళ్ళలోనూ ఒక ఆసుపత్రిలోనూ నెట్‌వర్క్ పని, కాంట్రాక్టు మీద. కానీ ఇంతకుముందు నిచ్చెన కూలి తీసుకునేవాణ్ణి. ఇప్పుడు ఏ తీగ ఎటు పోవాలో గీసి ఇచ్చి, దానికి కూలి అడుగుతున్నాను. అడిగిన రేటు రెండుచోట్ల ఇచ్చేరు, రెండుచోట్ల కొట్లాడుతున్నాను.

ఏం చేద్దాం

మీ ముందు నాలుగు మాటలు పెడతాను. తప్పొప్పులు మీరు తేల్చండి.

పేట గ్రంథాలయానికి నెట్ కనెక్షను పెట్టిద్దాం. అది ఏ ఒక్కరి పేరునా కాదు, సంఘం పేరున. పాస్‌వర్డూ, గది తాళం చెవీ ఇద్దరి దగ్గరుండాలి, ఆ ఇద్దర్లో ఒకరు ఆడమనిషి కావాలి. ఏడాదికోసారి ఆ ఇద్దర్నీ మార్చాలి. నేను ఆ ఇద్దర్లో ఉండను, ముందే చెప్తున్నాను. వచ్చినవాళ్ళే తాళాలు పట్టుకుంటే మనం కొత్త కరణాల్ని తయారుచేసుకున్నట్టే.

వారానికి రెండు రాత్రులు పెద్దవాళ్ళకి క్లాసు. దింపు నుంచీ వలుపు నుంచీ వచ్చినవాళ్ళు కాళ్ళు కడుక్కుని వచ్చి కూచునే టైముకే. మాల, మాదిగ, రెల్లి అని బల్లలు వేరుండవు. మనలో మనకున్న ఆ గీత బయటివాడు గీసిన గీత కంటే లోతుగా ఉందని మీకూ తెలుసు. తీగ పనీ కీబోర్డు పనీ వంతులే, ఆడా మగా అందరికీ. గోడ మీద కాగితం అంటిస్తాం.

పాఠాలు తెలుగులో రాసుకుందాం. ఇంగ్లీషు మాటలు అలాగే ఉంచుదాం, అవి రేపు పరీక్షల్లో కావాలి. అర్థం మాత్రం మన మాటల్లో చెప్పుకుందాం. ఇంగ్లీషు మన పిల్లలకి హక్కు, ఆ హక్కు వదలం. ఇంగ్లీషు రానివాడికి బుర్ర లేదన్న మాట మాత్రం ఒప్పుకోం.

మళ్ళీ నెట్ ఆగిన రోజు కోసం ఒక మామూలు నోటు పుస్తకం పెడదాం. చుట్టుపక్కల పేటల్లో ఎవరింటికి కబురు పంపాలి, ఎవరికి మోటారు సైకిలుంది, ఏ రేవులో ఎవరి పడవుంది, లాయరు నెంబరేంటి. కాగితం మీద రాసి మూడు ఇళ్ళల్లో ఉంచుదాం. తీగ లేనప్పుడు మనిషే తీగ.

బాబాసాహెబ్ చదవండి అన్నప్పుడు వయసు రాయలేదు. ఏం చదవాలో కూడా గీత గియ్యలేదు. చెరువు నీటి దగ్గర, గుడి వాకిట్లో, బడి బల్ల మీద మన హక్కు కోసం పోరాడేం. ఇవాళ మాట పోయే దారి మీద కూడా హక్కుంది. చెట్టెక్కింది మనం, స్తంభం ఎక్కింది మనం, తీగ మోసింది మనం. ఇంక తాళం చెవి అడుగుదాం. ఇవ్వకపోతే, తాళం ఎలా తయారవుతుందో నేర్చుకుందాం.

రేపు మంగళవారం రాత్రి ఎనిమిదింటికి గ్రంథాలయం దగ్గర మొదటి క్లాసు. పెన్సిలు లేకపోయినా రండి. ముందుగా పేరు రాయించుకునేవాళ్ళు ఇప్పుడే ముందుకి రండి, అమ్మలు ముందు.

జై భీమ్.